గేటు దాటాక మనోళ్లు ఎవరు?

సూరత్ తెలుగు సంఘాల పెద్దలకు,

లింబాయత్, ఉధ్నా, పాండేసరా గల్లీల్లో మీ పేర్లు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. నా పేరు మీలో చాలామందికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మా నాయన సాంచెల (మరమగ్గాల) మీద పనికి వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇక్కడ దిగినవాడు. నేను మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో అక్షరాలు దిద్దుకుని, ఆ తర్వాత గుజరాతీతోనూ ఇంగ్లీషుతోనూ కుస్తీ పట్టి, ఇప్పుడు సచిన్ జీఐడీసీలో ఒక డైయింగ్ మిల్లులో ప్రొడక్షన్ మేనేజర్‌గా ఉన్నాను. మా నాయన పన్నెండు గంటలు నిలబడి పనిచేశాడు. నేను కూర్చుని చేస్తున్నాను. మా ఇంట్లో ఒక తరం ఎదుగుదల అంటే ఆ కుర్చీయే.

ఈ ఉత్తరం ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల గురించి. మన పిల్లల్లో చదువుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్లకు నాయకత్వ శిక్షణ ఇప్పించాలని, బయటి నుంచి మంచి వక్తను పిలిపించి రెండు రోజుల తరగతులు పెట్టాలని మీలో కొందరు అంటున్నారని విన్నాను. ఆలోచన మంచిదే. కానీ హాలు బుక్ చేసి, ఫ్లెక్సీ కొట్టించేముందు నా మాట కొంచెం వినండి.

సంఘానికున్న సత్తా నేను చూసి పెరిగినవాణ్ణి. ఎవరైనా పోయారంటే అరగంటలో పాడె కట్టేవాళ్లు పదిమంది వాకిట్లో ఉంటారు. ఊరి నుంచి కొత్తగా దిగిన పిల్లగాడికి గది, మెస్సు, సాంచె మూడూ రెండు రోజుల్లో కుదిరేవి. పెళ్లి సంబంధమైనా, చిట్టీ అయినా, ఆస్పత్రిలో రక్తం కావాలన్నా ఒక్క ఫోను చాలు. దీన్ని చదువుకున్నవాళ్లు నెట్‌వర్క్ అంటారు. మనం ‘మనోళ్లు’ అంటాం. మాట ఏదైనా, ఈ పనిలో మనకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు.

ఐతే మనోళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోతారు. సాంచెలు నడిపినంత కాలం ఆ ఇబ్బంది కనబడలేదు. ఎందుకంటే మనుషులను పనిలో పెట్టుకునే జాబర్ కూడా మనవాడే, అతని చెవిలో ఒక మాట వేస్తే పని దొరికేది. ఇవాళ మన అమ్మాయి ఆస్పత్రి ల్యాబ్‌లో ఉంది, అబ్బాయి హజీరాలో ఇంజనీరు, ఇంకొకడు కతార్‌గామ్‌లో వజ్రాల కంపెనీ లెక్కలు రాస్తున్నాడు. వీళ్లెవరికీ జాబర్ మాట అక్కరకు రాదు. ప్రమోషన్ రాకపోతే ఎవరిని అడగాలో తెలియదు. పై అధికారి తప్పు చెబితే ఎలా కాదనాలో తెలియదు. సాయంత్రం ఇంటికొచ్చి నాయనతో చెప్పుకుందామంటే, నాయనకు ఆ ఆఫీసు లోకమే తెలియదు. మొదటి తరం కుర్చీలో కూర్చున్నవాడికి ఇల్లంతా మనుషులే, ఆఫీసులో మాత్రం ఒంటరి.

ఇక శిక్షణ సంగతి. చాలా ఏళ్ల కింద, అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీ మమ్మల్ని ఒక హోటల్‌కు పంపింది. ముంబై నుంచి వచ్చిన ట్రైనరు మంచి హుషారు మనిషి. నలభై మందిని గుండ్రంగా నిలబెట్టి, చేతిలో ఊలు ఉండ పెట్టి, ఒకరి పేరు పిలిచి వాళ్లకు విసరమన్నాడు. వాళ్లు ఇంకొకరికి విసరాలి. పావుగంటకు మా మధ్య సాలెగూడులా దారాలు అల్లుకున్నాయి. “చూశారా, ఇదే నెట్‌వర్క్!” అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఆ చిక్కు తీయడం ఎవరి వల్లా కాలేదు. చివరికి హోటల్ కుర్రాడు కత్తెర తెచ్చి కోసిపారేశాడు. నా పక్కన నిలబడ్డ వీవింగ్ మాస్టర్ చిన్నగా అడిగాడు: “వేస్టేజ్ ఎంత పోయింది?” సాలోళ్ల ఇంట పుట్టినవాడికి నూలు పాడవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది గదా. సర్టిఫికెట్ ఇచ్చారు, గ్రూప్ ఫోటో తీశారు. మరునాడు డ్యూటీకి వెళ్లాక ఆ నలభై మందిలో ఒక్కరికి కూడా నేను ఫోను చేయలేదు. నాకూ ఎవరూ చేయలేదు.

 

దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. మా మిల్లులో ఒకసారి పాలిస్టర్ గుడ్డకు రంగు వేశాక అడ్డంగా చారలు తేలాయి. సాంచెల వాళ్ల భాషలో ‘పట్టా’. తెల్ల గుడ్డలో కనబడదు, రంగు ఎక్కాక ఎదురుగా వచ్చి నిలబడుతుంది. వీవింగ్ వాళ్లు రంగు తప్పన్నారు, మేం నేత తప్పన్నాం, వ్యాపారి ఇద్దరి బిల్లూ ఆపేశాడు. మూడు వారాలు నిద్ర లేదు. డై మార్చాం, టెంపరేచర్ మార్చాం, మనుషులను కూడా మార్చాం. చార మాత్రం కదల్లేదు.

ఆ ఏడు బతుకమ్మ ఆటకు వెళితే, పిల్లలను భుజాన ఎత్తుకుని పక్కనే నిలబడ్డ ఒకాయన కనిపించాడు. ఎనిమిదేళ్లుగా ప్రతి బతుకమ్మకూ చూస్తున్న ముఖమే. ‘ఏమన్నా బాగున్నవా’ దాకానే మా మాట. నా ముఖం చూసి ఆయనే, ఏంది సంగతి అని అడిగాడు. చెప్పాను. బండి డిక్కీలో ఉన్న గుడ్డ ముక్క తెచ్చి వీధి దీపం కింద చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు అటూ ఇటూ లాగి, “పేకల రెండు లాట్ల నూలు కలిసింది తమ్మీ. టెక్స్చరైజింగ్‌ల వేడి కొంచెం అటో ఇటో అయినా ఆ నూలు రంగు వేరేగ తాగుతది. మీరు డై మార్చి ఏం లాభం?” అన్నాడు. ఆయన టెక్స్చరైజింగ్ యూనిట్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జి అని నాకు అప్పుడు తెలిసింది. మాకూ ఆయన ఇంటికీ మధ్య మూడు గల్లీలు. మూడు వారాల నష్టానికి మందు మూడు గల్లీల అవతల ఎనిమిదేళ్లుగా ఉంది. అడగలేదు, అంతే.

ఇది నా ఒక్కడి అదృష్టం కథ కాదు. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, బోస్టన్ పక్కన ఉన్న న్యూటన్ అనే ఊళ్లో ఉద్యోగం మారినవాళ్లను కలిసి ఒక ప్రశ్న వేశాడు: ఈ ఉద్యోగం కబురు నీకు ఎవరు చెప్పారు, ఆ మనిషిని నువ్వు ఎంత తరచుగా కలుస్తావు? 1973లో అచ్చయిన ఆయన వ్యాసంలో జవాబు ఉంది. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ మనిషిని తరచుగా కలిసేవాళ్లు నూటికి 17 మందే. మిగిలినవాళ్లకు కబురు అప్పుడప్పుడూ కలిసేవాళ్ల నుంచో, ఎప్పుడో గానీ కలవనివాళ్ల నుంచో వచ్చింది. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. రోజూ కలిసేవాడికి తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. మనకు తెలియనిది తెలిసినవాడు బతుకమ్మ ఆటలో నాలుగు అడుగుల దూరాన నిలబడి ఉంటాడు.

మరి మనవాళ్లు ఎందుకు అడగరు? సిగ్గు ఒకటి. దానికంటే పెద్దది, మన భాషలోనే పరిచయం అన్న మాట పక్కన పైరవీ అన్న మాట కూర్చుని ఉంది. ఒకరిని కలవడానికి వెళితే కాకా పట్టడానికి వెళ్లాడంటారు. కష్టపడి పైకొచ్చిన ఇంటి పిల్లలకు ఈ నింద అంటే మహా భయం. “నా పని నేను చేసుకుంటా, ఎవరి కాళ్లూ పట్టుకోను” అని నేనే పదిహేనేళ్లు గర్వంగా తిరిగాను. సిఫార్సు అడగడం వేరు, గుడ్డ ముక్క చూపించి ఇదేంటన్నా అని అడగడం వేరు. మొదటిదాంట్లో ఒకడి వాటా ఇంకొకడికి పోతుంది. రెండోదాంట్లో చెప్పినవాడి దగ్గర ఏమీ తగ్గదు. ఈ తేడా మన పిల్లలకు ఎవరైనా చెప్పారా? నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాయకత్వ శిక్షణ అంటే పడమటి దేశాల సరుకు అనుకునేవాళ్లకు ఒక మాట. అలాంటి శిక్షణ మీద పెద్ద ప్రయోగం ఒకటి జరిగింది మన కాకినాడ మనుషులతోనే. హార్వర్డ్ నుంచి వచ్చిన డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 1964లో హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి, కాకినాడ వ్యాపారులను జట్లు జట్లుగా పిలిపించి పది రోజుల పాటు శిక్షణ ఇప్పించాడు. అలా వెళ్లొచ్చినవాళ్లు యాభై మందికి పైనే. నీకేం కావాలి, దానికోసం రేపు ఏం చేస్తావు, అడ్డం ఏముంది అన్నదే పాఠం. రెండేళ్లు పోయాక లెక్క తీస్తే, శిక్షణకు వెళ్లనివాళ్ల కంటే వెళ్లినవాళ్లు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలోనూ కొత్తవాళ్లకు పని ఇవ్వడంలోనూ ముందున్నారు. పోల్చి చూడడానికి రాజమండ్రిని తీసుకున్నారు. డేవిడ్ వింటర్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం 1969లో వచ్చింది.

నన్ను పట్టుకున్న విషయం ఆ లెక్కల్లో లేదు. దేశం నలుమూలల నుంచి తలా ఒకరిని ఏరుకోకుండా ఒకే ఊరి వాళ్లను పిలిచారు చూడండి, అక్కడుంది. 1965లో రాసిన వ్యాసంలో మెక్లెలాండే అంటాడు: శిక్షణలో కలిగిన మార్పు నిలవాలంటే, ఆ మనిషి తిరిగి వెళ్లాక కలిసి నడిచే కొత్త జట్టు ఒకటి ఉండాలి. హోటల్‌లో ఊలు ఉండ విసిరిన నా నలభై మందికి లేనిది అదే. మేం కలిసి వచ్చాం, విడివిడిగా పోయాం.

జట్టు అవసరం గుర్తించినవాళ్లు గుజరాత్‌లోనూ ఉన్నారు. అహ్మదాబాద్ ఐఐఎంలో పాఠం చెప్పిన ప్రొఫెసర్ టి.వి. రావు తెలుగువారే. ఆయన, ఉదయ్ పారీక్ కలిసి 1970ల నడుమ ఎల్ అండ్ టీ కంపెనీకి మానవ వనరుల అభివృద్ధి (హెచ్ఆర్‌డీ) విభాగం ఎలా ఉండాలో రూపం గీసి ఇచ్చారు. మన దేశంలో అలాంటి విభాగానికి అదే మొదలని ఆ రంగంలోనివాళ్లు చెబుతారు. ఆ కంపెనీయే ఇవాళ హజీరాలో మన పిల్లలకు ఉద్యోగాలిస్తోంది. రావుగారు అక్కడితో ఆగలేదు. ఆ పని చేసేవాళ్లంతా కంపెనీ గేట్లు దాటి ఒకరినొకరు కలుసుకునేలా 1985లో జాతీయ హెచ్ఆర్‌డీ నెట్‌వర్క్ మొదలైనప్పుడు ముందు నిలిచినవాడు ఆయనే. శిక్షణ ఇచ్చేవాళ్లకే ఒక జట్టు కావాల్సి వచ్చింది. మరి శిక్షణ తీసుకునేవాళ్లకు అక్కర్లేదా?

ఇంకో రావుగారి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. స్టేషన్‌లో తొక్కిసలాట, ముక్కుకు రుమాలు, మా అమ్మ ఒక చేత్తో నన్నూ ఇంకో చేత్తో స్టవ్వునూ పట్టుకుని రైలెక్కడం, ఇంతే గుర్తు. కొద్ది రోజుల్లో లక్షల మంది ఊరు ఖాళీ చేశారు. మేం తిరిగొచ్చిన మరుసటి ఏడు, 1995 మేలో, సూర్యదేవర రామచంద్రరావు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చాడు. ఇంటిపేరు విన్నాక మనకు ఆయన ఎవరో చెప్పనక్కర్లేదు. సూరత్ వాళ్లు ఎస్.ఆర్. రావు అంటారు. 1996లో ఇన్‌టాక్ అనే సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో శుభ్రమైన నగరం సూరతే అంది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం వచ్చిందంటే దాని పునాది అప్పటిది.

అందరూ ఆయన కూలగొట్టిన అక్రమ కట్టడాల గురించి చెప్పుకుంటారు. నాకు ఆయన ఆఫీసు నడిపిన తీరు ముఖ్యం. ‘ఏసీ నుంచి డీసీకి’ అన్నాడట. ఏసీ గది వదిలి డైలీ చోర్స్‌కు, అంటే రోజువారీ పనిలోకి దిగండి అని. పెద్ద అధికారులంతా రోజూ కొన్ని గంటలు వీధుల్లో ఉండాలి. తన అధికారాలను జోన్ల కమిషనర్లకు పంచి ఇచ్చాడు. డబ్బు ఖర్చు పెట్టే అధికారం కూడా. ఆపైన మధ్యాహ్నం అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఆ పొద్దున కళ్లారా చూసింది మాట్లాడుకోవాలి. డ్రైనేజీ వాడికీ రోడ్ల వాడికీ ఆరోగ్యం వాడికీ మధ్య ఫైలు తిరగాల్సిన పని తగ్గింది. ఒకరి ఎదుట ఒకరు కూర్చున్నాక తప్పు పక్క శాఖ మీదికి నెట్టడం కష్టం. వాళ్లకు అక్కడ దొరికిందే నాయకత్వ శిక్షణ. ట్రైనరు లేడు, చేతిలో చెత్త సమస్య ఉంది, నిర్ణయించే అధికారం ఉంది, రేపు మళ్లీ ఇదే బల్ల దగ్గర జవాబు చెప్పాలి.

మంచి హాలు కడితే మనుషులు వాళ్లంతట వాళ్లే కలుస్తారన్న నమ్మకం మీకు ఉండొచ్చు. 2023 డిసెంబర్‌లో ప్రధాని ప్రారంభించిన డైమండ్ బోర్స్‌ను చూడండి. తొమ్మిది టవర్లు, నాలుగు వేలకు పైగా ఆఫీసులు. అన్నిటినీ కలిపే నడవా ఒకటి పెట్టి బ్రహ్మాండంగా కట్టారు. ప్రారంభమయ్యాక కూడా మహీధర్‌పురా వీధిలో స్కూటర్ సీటు మీద వజ్రాల పొట్లం విప్పి బేరం చేసేవాళ్లు చాలాకాలం అక్కడే ఉన్నారు. భవనం లేచినంత వేగంగా బజారు లేచి రాలేదు. బజారు అంటే గోడలు కాదు, ఏళ్ల తరబడి ఒకడి పొట్లం ఇంకొకడు నమ్మి పట్టుకెళ్లిన అలవాటు.

కాబట్టి పెద్దలారా, నా విన్నపం ఇది. వక్తను పిలవడం మానండి. ఆ డబ్బు మిగుల్చుకోండి. సంఘం హాలు నెలకో ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఇవ్వండి. పన్నెండు, పదిహేను మందికి మించొద్దు. ఒకే సొంతూరివాళ్లు, ఒకే పనివాళ్లు ముగ్గురి కంటే ఎక్కువ ఉండొద్దు. నర్సు, బ్యాంకు క్లర్కు, సాంచెల మెకానిక్, సాఫ్ట్‌వేర్ పిల్ల, మాలాంటి డైయింగ్ వాళ్లు, టీచరు. వచ్చే ప్రతివాళ్లూ తమ పనిలో ఆ నెల ఎదురైన ఒక చిక్కు పట్టుకురావాలి. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు ముందు ప్రశ్నలే వేయాలి, సలహాలు తర్వాత. నెలకొకరు సభ నడపాలి. స్టేజీ వద్దు, శాలువా వద్దు. దయచేసి శాలువా వద్దే వద్దు.

సేఠ్‌లు భయపడతారని మీరు అనొచ్చు. మిల్లు గుట్టు బయటికి పోతుందని, మనిషిని పక్క మిల్లు ఎగరేసుకుపోతుందని. ఆ భయం పూర్తిగా ఉత్తిది కాదు. రేట్లు, పార్టీల పేర్లు ఆ గదిలో ఎత్తకూడదని మొదటి రోజే కట్టు పెట్టుకోవాలి. పట్టా ఎందుకు పడుతుందన్నది ఎవరి గుట్టూ కాదు.

ఆడవాళ్ల విషయం. పోయినసారి ఒక సంఘం ‘యువ ఉద్యోగుల సమావేశం’ రాత్రి తొమ్మిదింటికి పెట్టింది. మన అమ్మాయిలు ఒక్కరూ రాలేదు. వాళ్లకు ఆసక్తి లేదని తేల్చేశారు. ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టి, రాళ్లు అతికించి తమ్ముళ్లను చదివించిన తల్లుల బిడ్డలు వాళ్లు. వేళ మార్చి చూడండి.

మాట పడినా సరే, ఇంకొకటి కూడా అంటాను. తలుపు మనోళ్లకే తెరవొద్దు. పాండేసరాలో మన పక్క గదిలో గంజాం నుంచి వచ్చిన ఒడియా అబ్బాయి ఉన్నాడు, ఎదురింట్లో ఖాందేశ్ మరాఠీ కుటుంబం ఉంది. వాళ్ల పిల్లలూ మనలాగే మొదటిసారి కుర్చీ ఎక్కుతున్నారు. నా చిక్కు విప్పినాయన తెలుగువాడు కావడం కాకతాళీయం. ఒడియావాడైతే బతుకమ్మకు వచ్చేవాడు కాదు, నేను ఇంకో మూడు వారాలు డై మారుస్తూ కూర్చునేవాణ్ణి. హిందీలో మాట్లాడుకుందాం, పోయేదేముంది?

ఇక అన్నిటికంటే కష్టమైన కోరిక. ఆ జట్టు చేతిలో నిజమైన పని ఒకటి పెట్టండి. సంఘం ఏటా పిల్లలకు ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది కదా. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఇచ్చాక ఆ పిల్ల చదువు ఎలా సాగుతోంది, అదంతా ఒక ఏడాది వాళ్లకు వదిలేయండి. మీ సంతకం అడక్కుండా. పొరపాటు చేస్తారు, తప్పకుండా చేస్తారు. మీ బంధువుల అబ్బాయికి రాకపోవచ్చు కూడా. అప్పుడు మీరు ఫోను చేయకుండా ఉండగలరా? ఉండగలిగితే, ఈ ఊళ్లో ఏ ఖరీదైన హోటల్‌లోనూ దొరకని శిక్షణ మన పిల్లలకు దొరికినట్టే. ఉండలేకపోతే వక్తనే పిలవండి, నేను కూడా వచ్చి చప్పట్లు కొడతాను.

పిల్లలు రారు, వాళ్లకు టైమ్ లేదు అంటారేమో. మొదట ముగ్గురే రావచ్చు. ఆ ముగ్గురిలో ఒకరి చిక్కు ఆ సాయంత్రం విడిపోతే, నాలుగోవాడిని తీసుకొచ్చే పూచీ ఆ ఒకరిది. మనుషులను సాంచెల దగ్గరికి మనం రప్పించుకున్నది కూడా అలాగే గదా. ఒకడు వచ్చి ఊరికి మనీయార్డర్ పంపాడు, అది చూసి మిగతావాళ్లు రైలెక్కారు.

హాలు తాళంచెవి మీలో ఎవరి దగ్గర ఉంటుందో నాకు తెలియదు. లింబాయత్‌లో ఎవరికి చెప్పి పంపినా నాకు అందుతుంది. టెక్స్చరైజింగ్ అన్న వస్తానని ఒప్పుకున్నాడు. పట్టా పడ్డ ఆ గుడ్డ ముక్క ఇంకా నా బీరువాలోనే ఉంది, మొదటి రోజు పట్టుకొస్తాను.

ఇట్లు,
మీ ఉధ్నా తమ్ముడు